నా మాట కోసిన ఛానల్

ఐదో తరగతితో బడి మానేసిన నాకు వార్తాపత్రికే పంతులు. అందుకే వార్తలవాళ్లు నాకు చేసిన ద్రోహం మరిచిపోలేదు, మరిచిపోను.

కొడుకూ కోడలి దగ్గరుందామని పరాయి దేశం వచ్చాను. ఇక్కడ స్కోఫీల్డ్స్ అనే పేటలో మా పక్కింటావిడ కొలంబియా మనిషి. ఆమె ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ అంతంతమాత్రమే, అందుకే మాకు బాగా కుదిరింది. కంచె మీదుగా ఆమె మొక్కజొన్న రొట్టెలిచ్చేది, నేను గోంగూర పచ్చడి ఇచ్చేవాణ్ణి. నన్ను 'సెన్యోర్' అనేది, వాళ్ల స్పానిష్‌లో 'అయ్యా' అని. పోయిన డిసెంబరు మొదట్లో మా వీధిలో స్పానిష్ మాట్లాడే కుటుంబాలన్నీ మేరీమాత పేర ఫుట్‌పాత్ పొడుగునా కొవ్వొత్తులు వెలిగించాయి. ఏటా చేసే పండగే. ఎవరు కబురిచ్చారో గానీ ఒక టీవీ ఛానల్ వ్యాను దిగింది. అన్ని కొవ్వొత్తులు చూసి, అవి చనిపోయినవాళ్ల కోసం వెలిగించినవనీ, ముఠా తగాదాలో ఎవరో హత్యకు గురయ్యారనీ అనుకున్నారు. ఆమెను ఒక్క ముక్క అడగలేదు. మైకు తెచ్చి నా ముందు పెట్టారు.

"మొదట భయపడ్డాను, ఇల్లంటుకుందేమోనని. దగ్గరికెళ్లి చూస్తే మా దీపావళే!" అన్నాను.

మర్నాడు వార్తల్లో "భయపడ్డాను" ఒక్కటే మిగిలింది. కింద స్పానిష్ ముఠాలంటూ పెద్ద అక్షరాలు.

"నా కొవ్వొత్తులకు భయపడ్డావా, సెన్యోర్?" అని కంచె దగ్గర అడిగింది ఆమె. నేను నోరు తెరిచేలోపే లోపలికెళ్లి తలుపేసుకుంది. మళ్లీ పలకరించలేదు. ఛానల్‌కు ఫోన్ చేస్తే, "మీరన్న మాటే కదా సర్" అన్నారు.

సరే అనుకున్నాను. కాచుకున్నాను.

మరుసటి దీపావళికి అదే ఛానల్ మావాళ్లు పండగ చేసుకుంటున్న పార్కుకొచ్చింది. అదే విలేఖరి, చీరల మధ్య పళ్లికిలిస్తూ. నన్ను గుర్తుపట్టలేదు. పెద్దాయనగా నన్నే రెండు మాటలు చెప్పమన్నాడు.

"మామయ్యా, లైవ్ అట! హ్యాపీ దివాళీ అని చెప్పి వచ్చేయండి, ప్లీజ్. సీన్ చెయ్యొద్దు" అంది కోడలు.

"లైవ్ అంటే మధ్యలో కొయ్యడం కుదరదుగా?"

"కుదరదు... ఎందుకు?"

"అయితే పక్కకు జరుగమ్మా."

మైకు గట్టిగా పట్టుకున్నాను. "పోయినేడు మా వీధి పండగను హత్యగా చూపించింది ఇతనే. మా దీపావళిలా ఉందని నేనన్న మాట కోసేసింది వీళ్లే. పక్కింటమ్మా, నీకు నేనెప్పుడూ భయపడలేదు!"

అతను మైకు లాక్కోబోయాడు. నేను వదల్లేదు. అతని నవ్వు అలాగే ఉంది, నుదుట చెమట పట్టింది. ఆ చెమట చూసి నాకెంత సుఖంగా ఉందో దాచను.

ఇంటికొచ్చేసరికి ఆమె కంచె దగ్గరుంది. "టీవీలో నిన్ను చూస్తే నాకే భయమేసింది, సెన్యోర్" అంది. "పచ్చడుందా?"

ఛానల్ ఇంతవరకూ తప్పు ఒప్పుకోలేదు. డిసెంబరు వస్తోంది. ఈసారి కొవ్వొత్తుల వరుస మా గుమ్మం దాకా పెడతామంది పక్కింటావిడ. పెట్టమన్నాను. రానీ ఆ వ్యాను.