మా సందును మ్యాప్‌లోంచి తీసెయ్యమన్నారు

ఫోన్‌లో దారులు గీసే అలవాటు నాకు బాపట్లలో అంటుకుంది. నేను అక్కడ ఒక ఆఫీసులో గుమాస్తాని. రోజూ తెనాలి నుంచి రైల్లో వెళ్ళి వస్తాను. ఒకరోజు మధ్యాహ్నం మా ఆఫీసు హాల్లోకి ఒక లెక్కల మాస్టారు వచ్చి, అందరూ కలిసి గీసే మ్యాప్ ఒకటి ఉందని చెప్పారు. ఎవరైనా గీయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు అన్నారు. మా వాళ్ళు సగం మంది భోజనం చేసి వచ్చిన మత్తులో ఉన్నారు. నాకు మాత్రం ఒక సందేహం వచ్చింది. అయిపోయాక దగ్గరికి వెళ్ళి అడిగాను.

"ఫోన్లో మ్యాప్ ఎటూ ఉంది కదండీ, మళ్ళీ ఇదెందుకు?"

"అది కంపెనీ వాళ్ళదండి. మీ వీధి పేరు తప్పు పడితే వాళ్ళకి తోచినప్పుడు దిద్దుతారు, లేకపోతే లేదు. ఇదైతే మీరే దిద్దుకోవచ్చు. మీదే ఊరండి?"

తెనాలి అని చెప్పాను. ఆయన తన ఫోన్‌లో మా పేట తీసి చూపించారు. పెద్ద రోడ్డు ఉంది, రైలు పట్టాలు ఉన్నాయి, మురుగుకాలవ నీలం గీతగా ఉంది. మా సందు ఉండాల్సిన చోట ఏమీ లేదు, ఉత్త ఖాళీ. కంపెనీ మ్యాప్‌లో మా సందు ఉంది గానీ పేరు లేదు. నేను పెళ్ళై వచ్చినప్పటి నుంచి కాపురం ఉంటున్న చోటు అట్లా ఖాళీగా కనపడితే ఎందుకో తిక్కగా అనిపించింది.

అప్పటి నుంచి ఆదివారం చర్చి అయ్యాక నేరుగా ఇంటికి రావడం మానేశాను. ఒక్కో వీధీ తిరిగి, కుళాయి ఎక్కడుందో, పిండిమర ఎక్కడుందో, మసీదు గేటు ఏ వైపుందో చూసుకుని, ఇంటికొచ్చి ఫోన్‌లో పెట్టేదాన్ని. "చర్చి నుంచి ఇంటికి నడక రోజు రోజుకీ పెరుగుతోందేంటి?" అనేవారు మా ఆయన. మా సందు గీశాను, పేరు తెలుగులో రాశాను. సందు చివర కాలవ కట్ట మీదుగా అంగలకుదురు వైపు పొలాల్లోకి ఒక దారి ఉంది. నడిచే దారిని ఆ మ్యాప్‌లో ఎర్ర చుక్కల గీతగా చూపిస్తారు. కట్ట దారిని అట్లాగే చుక్కలు పెట్టి వదిలేశాను. పని పూర్తయిన రోజు దాన్ని చాలాసేపు చూసుకున్నాను. ఎవరికీ చూపించలేదు. మా పక్కింటి పిన్నికి తప్ప.

పిన్ని మిషన్ కుడుతుంది. ఆమె ఇంట్లో వెలుతురు తక్కువ. అందుకని సాయంత్రం నమాజు అయ్యే వరకూ మిషన్ని గుమ్మం ముందు, సందులోనే వేసుకుని జాకెట్లు కుడుతుంది. మా సందులో అందరూ అంతే. మంచాలు, కుర్చీలు, పప్పు ఆరబోసిన చాపలు అన్నీ బయటే.

కార్లు రావడం ఒక సాయంత్రం మొదలైంది. నేను రైలు దిగి ఇంటికి వచ్చేసరికి ఒక తెల్ల కారు సందు మధ్యలో ఆగి హారన్ కొడుతోంది. పిన్నీ, వాళ్ళ కోడలూ మిషన్ని చెరో వైపు పట్టుకుని లోపలికి లాగుతున్నారు. కారు సందు చివరి దాకా వెళ్ళి, కట్ట ఎక్కలేక, అక్కడే తిప్పుకుని మళ్ళీ వచ్చింది. మర్నాడు ఇంకో రెండు వచ్చాయి. పెద్ద రోడ్డు మీద రైల్వే గేటు పడినప్పుడల్లా, దాన్ని తప్పించుకోడానికి వస్తున్నాయని తర్వాత అర్థమైంది. నాలుగు రోజులకు పిన్ని మా గుమ్మంలోకి వచ్చి కూచుంది.

"అమ్మాయ్, ఫోన్లో మన సందు పెట్టింది నువ్వే కదా? నాకు చూపించావు కూడానూ."

"నేనే పిన్నీ. కానీ వీళ్ళు చూసేది నేను పెట్టిన మ్యాప్ కాదేమో."

"ఎన్ని మ్యాపులుంటాయే ఒక సందుకి?"

ఆ సాయంత్రమే ఒక డ్రైవర్ని ఆపి అడిగాను. "ఫోన్ ఇటే చూపిస్తందండి, నేనేం చెయ్యను" అని ఫోన్ నా ముందు పెట్టాడు. అది కంపెనీ మ్యాపే. నా మనసు తేలికపడింది. పిన్నికి ఆ మాట చెప్పి, ఇంట్లోకి వచ్చి, పొయ్యి మీద పోపు పెట్టి, నా మ్యాప్ తెరిచాను.

ఎర్ర చుక్కలు లేవు. కట్ట మీద తెల్ల గీత ఉంది. తెల్ల గీత అంటే బళ్ళు పోయే రోడ్డు. ఎవరో మార్చారు. పక్కన చిన్న వివరణ కూడా రాశారు, ఉపగ్రహం తీసిన ఫొటోలో వెడల్పుగా కనపడింది కాబట్టి రోడ్డు చేశామని. ఆ మనిషి ఏ ఊరో తెలియదు. మా కట్ట మీద ఎప్పుడూ అడుగు పెట్టి ఉండరు.

ఇక అక్కడి నుంచి నాకేమీ అర్థం కాకుండా పోయింది. ఈ ఉచిత మ్యాప్‌ని తీసుకుని తమ పేరు పెట్టుకుని వాడే యాప్‌లు ఉన్నాయని మాస్టారు హాల్లో చెప్పారు. అయితే ఆ కార్లలో కొన్ని దీన్ని చూసి వచ్చాయా? కంపెనీ వాళ్ళు సొంతంగా కనిపెట్టారా? నేను గీయకపోతే ఆ ఉపగ్రహం మనిషి మా సందు జోలికి వచ్చేవాడా? పోపు మాడిన వాసన వచ్చేదాకా అక్కడే నిలబడి ఉన్నాను.

ముందు చుక్కలు తిరిగి పెట్టాను. కార్లు ఆగలేదు. కంపెనీ మ్యాప్‌లో కూడా ఇది కార్లు పోయే దారి కాదని సూచన పంపాను. పరిశీలిస్తున్నామని జవాబు వచ్చింది. కొన్నాళ్ళకు, మీరు చెప్పినదాన్ని నిర్ధారించుకోలేకపోయామని ఇంకో జవాబు. పిన్ని అది విని అడిగింది.

"ఎవరే నీకు రాసింది?"

"మనిషి కాదేమో పిన్నీ."

"మరి ఎవరు నిర్ధారించుకోలేకపోయింది?"

సందులో వాళ్ళందరూ ఒకరోజు మా గుమ్మం ముందు చేరారు. కోపంగా ఏం లేరు. పెట్టింది నువ్వే కాబట్టి తీసేది కూడా నువ్వే అని వాళ్ళ లెక్క. కట్ట దారి మొత్తం తీసెయ్యమన్నారు. వీలైతే సందు కూడా. నేను అప్పటికప్పుడు వాళ్ళ ముందే కట్ట దారి తీసేశాను. అందరూ నా ఫోన్‌లోకి వంగి చూసి, సరే అని వెళ్ళిపోయారు.

మర్నాటికి దారి తిరిగి వచ్చింది. ఈసారి పెట్టింది మా లెక్కల మాస్టారే. ఈ చుట్టుపక్కల ఏ మార్పు జరిగినా ఆయన ఒక కన్నేసి ఉంచుతారట. మర్యాదగా కబురు కూడా పెట్టారు, పొరపాటున తొలగించినట్టున్నారు, సరిచేశానని. ఆ సాయంత్రం బాపట్ల స్టేషన్‌లో కలవమని ఫోన్ చేశాను. బెంచీ మీద కూచుని జరిగిందంతా చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ విన్నారు.

"ఇబ్బంది అర్థమైందండి. కానీ నేల మీద ఉన్నదాన్ని మనం లేదని రాయకూడదు. ఇవాళ మీరు తీస్తారు, రేపు ఇంకోళ్ళు ఇంకోటి తీస్తారు. ఇక మ్యాప్‌ని ఎవరు నమ్ముతారు?"

"అందరూ కలిసి గీసే మ్యాప్ అన్నారు కదండీ. ఆ అందరిలో మా సందు వాళ్ళు లేరా?"

ఒక గూడ్సు బండి వెళ్ళిపోయాక ఆయన కళ్ళద్దాలు పెట్టుకున్నారు.

"ఉన్నారండి," అన్నారు చివరికి. "ఉన్నారు. కానీ ఎట్లా ఉన్నారో నాకూ సరిగ్గా తెలియట్లేదు. ఓసారి వచ్చి చూస్తాను."

ఆదివారం వచ్చారు. ఇద్దరం కట్ట మీద నడిచాం. ఇది నడిచే దారేనని నేను చెబుతుండగానే ఒక స్కూటర్ మమ్మల్ని దాటుకుని పోయింది. ఇంకాస్త దూరంలో గడ్డి వేసుకుని ట్రాక్టర్ ఎదురొచ్చింది. మేం పక్కకు తప్పుకుని తుమ్మచెట్టు కింద నిలబడాల్సి వచ్చింది.

"మరి ఇదేంటండి?" అన్నారు మాస్టారు.

"కోతలప్పుడే వస్తాయండి. వానాకాలం మనిషే నడవలేడు."

"కోతలప్పుడు రోడ్డు, వానల్లో కాలిబాట. మన దగ్గర ఉన్నవి రెండే గీతలు."

తిరిగి వస్తూ ఇంకో మాట చెప్పారు. కంపెనీ మ్యాపులు ఫోన్లు ఎటు కదులుతున్నాయో గమనిస్తాయట. జేబులో ఫోన్ పెట్టుకుని రోజూ ఈ కట్ట మీద బండి మీద పోయే వాళ్ళుంటే, ఇది బళ్ళ దారేనని అది నేర్చుకుని ఉండొచ్చన్నారు. నేను ఆగిపోయాను. కట్ట మీదుగా రోజూ పనికి వెళ్ళేది పిన్ని కొడుకు. మా ఆయన కూడా అప్పుడప్పుడు అటే వెళతారు. "అయితే వీళ్ళేనంటారా?" అన్నాను. "అనట్లేదండి, అయ్యుండొచ్చు అంటున్నాను. తెలుసుకునే వీలు లేదు" అన్నారు. పిన్ని మాకు టీ ఇచ్చింది. ఆ మాట ఆమెకు చెప్పాలా వద్దా అని గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఆలోచించి, చెప్పలేదు.

చివరికి సందు వాళ్ళే ఒక పని చేశారు. ఎక్కడో మిగిలిన సిమెంటు తూము ఒకటి దొర్లించుకొచ్చి కట్ట మొదట్లో నిలబెట్టి, మట్టితో నింపారు. పక్కన స్కూటర్ పట్టేంత ఖాళీ వదిలారు. నేను నా మ్యాప్‌లో అక్కడ అడ్డం ఉందని గుర్తు పెట్టాను. మాస్టారు చూసి, ఇది బాగుంది, ఉన్నది ఉన్నట్టు రాశారు అని మెచ్చుకున్నారు. కంపెనీ మ్యాప్‌కి మాత్రం తూము సంగతి తెలియదు. కార్లు అంతకు ముందులాగే వచ్చి, తూము దాకా పోయి, తిప్పుకునే చోటు కూడా లేక, సందు పొడవునా వెనక్కి నడుపుకుంటూ రావడం మొదలుపెట్టాయి. అది అంతకు ముందు కన్నా అన్యాయం. పిన్ని సాయంత్రాలు మిషన్ బయట వేయడం మానుకుంది.

తర్వాత ఒక వారం కార్లు రాలేదు. ఆ పై వారమూ రాలేదు. నా సూచన ఎవరైనా చదివారో, వెనక్కి తిరిగిన ఫోన్లే నేర్పాయో, గేటు దగ్గర రద్దీ తగ్గిందో, ఇంకేదో. నేనేమీ చేయకుండానే సందులో నాకు మంచి పేరు వచ్చింది. కాదని చెప్పబోతే మొహమాటం అనుకున్నారు.

అది ఎన్నాళ్ళో నిలవలేదు. చివరింటి కోడలు ఒకరోజు వచ్చి, "అక్కా, సరుకుల యాప్ మన ఇంటికి రాలేనంటంది. ఇదివరకు వచ్చేవాళ్ళు. మళ్ళీ పెట్టవా?" అంది. ఆ యాప్ ఏ మ్యాప్ చూస్తుందో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు. ఆ వెంటే పిన్ని.

"అమ్మాయ్, సందు కనపడొద్దులే గానీ, నా మిషన్ కొట్టు కనపడేట్టు పెట్టకూడదూ? అందరి కొట్లూ ఫోన్లో ఉంటన్నాయంట."

"సందు కనపడకుండా కొట్టు ఎట్లా కనపడుద్ది పిన్నీ?"

"అది నువ్వు చూసుకో."

పెట్టాను. ఆమె గుమ్మం మీద చిన్న గుర్తు, పక్కన జాకెట్లు కుట్టబడును అని. నెల గడిచాక, ఒక్కరూ రాలేదేంటి అని అడిగింది. నా మ్యాప్‌ని మన ఊళ్ళో చూసేవాళ్ళు దాదాపు లేరు పిన్నీ అని అప్పుడు చెప్పాల్సి వచ్చింది. "ఎవరూ చూడని దాన్నా మొన్న అందరం కలిసి తీసెయ్యమంది?" అంది. నవ్వుతుందో బాధపడుతుందో తెలియలేదు. నేను మాత్రం నవ్వలేకపోయాను.

మొన్నామధ్య మాస్టారు, రేపల్లెలో స్టేషన్ వెనక వీధులు అసలు లేవు, ఓ పూట వస్తారా అని అడిగారు. మానేద్దామనుకుంటూనే రైలెక్కాను. ఆయన ఒక వైపు, నేను ఒక వైపు విడిపోయాం. నేను ఒక సందులోకి తిరిగి సగం దూరం వెళ్ళాక, గుమ్మంలో చింతపండు గింజ తీస్తున్న ఒకామె పిలిచింది.

"ఏం రాసుకుంటన్నావమ్మా? సిమెంటు రోడ్డు వేస్తారా?"

"లేదండి. ఈ సందు ఫోన్లో కనపడేట్టు చేద్దామని."

"ఎవరికి?"

ఎవరికైనా అని చెప్పబోయి ఆగాను. ఆ సందులో కూడా మంచాలు బయటే ఉన్నాయి. ఒక మంచం మీద ఒకాయన చొక్కా లేకుండా పడుకుని ఉన్నాడు. "మీరేమంటారండి, కనపడాలా, వద్దా?" అని ఆమెనే అడిగాను. ఆమె చింతపండు చేతులతోనే సందు ఆ కొసకూ ఈ కొసకూ చూసింది.

"గ్యాసు బండికైతే కనపడాలి," అంది. మళ్ళీ మంచాల వైపు చూసి, "ఊరికే వచ్చే వాళ్ళకైతే ఎందుకులేమ్మా" అంది.

గ్యాసు బండికి మాత్రమే కనపడే గీత మా మ్యాప్‌లో లేదు. నేను నిలబడిన చోటు వరకే గీసి, అక్కడ ఆపి, స్టేషన్‌కి వచ్చేశాను. మిగతా సగం ఎప్పుడు పూర్తి చేస్తారని మాస్టారు రైల్లో అడిగారు. చూద్దామండీ అన్నాను. ఇప్పటికీ అది అట్లాగే ఉంది.