ఆరూ ఆరూ చేద్దామని సులైబియా వెళ్ళిన శుక్రవారం

ఉదయం ఐదుంబావుకి ఫహాహీల్‌లో బస్సెక్కాను. ఎనభై నాలుగు జనవరి, ఆ అరబ్బు దేశంలో ఎముకలు కొరికే చలి. సంచిలో నాలుగు చపాతీలు, జేబులో మా క్రికెట్ లీగు పుస్తకం. ఆ లీగుకి సెక్రెటరీ అనే ఘనుణ్ణి నేనే. సముద్రం ఒడ్డున తూర్పు గ్రూపులో ఏడు జట్లు, అటు సులైబియాలో పడమర గ్రూపులో ఐదు. రెండూ బేసి సంఖ్యలే కాబట్టి వారం వారం ఇక్కడొక జట్టు, అక్కడొక జట్టు ఆట లేక ఊరికే కూర్చునేది. వారానికి ఒక్క సెలవు దొరికే మనుషులకి కడుపు మండదూ? ఒక జట్టుని ఇటు నుంచి అటు జరిపితే ఆరూ ఆరూ. ఇంతోటిదానికి బుర్ర బద్దలు కొట్టుకోవాలా అనుకున్నాను.

ఏ జట్టు అన్నదగ్గర పేచీ వచ్చింది. మీటింగులో ఆరుగురు కెప్టెన్లు అంత దూరం మేం పోమని భీష్మించుకున్నారు. ఏడో కెప్టెన్ ఓబులేసు రాలేదు. కడప మనిషి, సాల్మియాలో ఒక అరబ్బు ఇంట్లో వంటవాడు. అతని జట్టంతా ఇళ్ళలో పనిచేసేవాళ్ళే. ఆ రాత్రి ఆ ఇంట్లో విందుట. రానివాళ్ళకి అభ్యంతరం లేనట్టేనని రాసి, ఓబులేసు జట్టుని పడమరకి మార్చి సంతకం పెట్టేశాను. నా సొంత జట్టు ఆ ఆరింటిలో ఒకటి. ఈ సంగతి దాచడం ఎందుకు?

"ఆటకోసం ఇంత పొద్దున్నేనా అండీ? హాయిగా ముసుగుతన్ని పడుకోక!" అన్నాడు పక్క సీట్లో అమలాపురం మేస్త్రీ.

ఆరుంబావుకి సాల్మియా. ఓబులేసు, మిగతా పదిమందీ స్టాపులోనే ఉన్నారు.

"దూరమెంత సార్?" అన్నాడు ఓబులేసు.

"గంటన్నర. మొన్న గురువారం వెళ్ళి గడియారం పట్టి చూసొచ్చానయ్యా!"

"పన్నెండున్నరకు నేను బువ్వ పెట్టాల సార్. ఆలోగా రాకుంటే ఇంగ శుక్రవారం సెలవు ఖలాస్ అని మామా గెట్టిగా చెప్పింది." మామా అంటే ఆ ఇంటావిడ.

"పన్నెండుకల్లా నిన్ను గేటు దగ్గర దింపే పూచీ నాది," అన్నాను.

సిటీలో బస్సు మారి, నిలబడి టీ తాగి, ఎనిమిదికి సులైబియాలో దిగాం. గోడౌన్ల మధ్య ఖాళీ జాగాయే గ్రౌండు. నడిమధ్యలో మూడు లారీలు. డ్రైవర్లని లేపి, బతిమాలి, లారీలు తీయించేసరికి తొమ్మిది దాటింది. పదేసి ఓవర్ల ఆట, ఓబులేసు కుర్రాళ్ళు ముందు బౌలింగు చేశారు. తర్వాత ఓబులేసు బ్యాటు పట్టాడు. ఏం కొట్టాడండీ! అంపైరుని నేనే. పదిన్నరకి అతను నా వైపు చూశాడు.

"పోదామా సార్?"

"ఇంకొక్క ఓవరయ్యా, గెలిచేస్తున్నారు!" అన్నాను. నా నోరు పడిపోను.

గెలిచారు. పదకొండుకి స్టాపుకి పరుగెత్తాం. పావుగంటయింది, అరగంటయింది, బస్సు లేదు. ఆ దారిన టాక్సీ కనబడితే ఒట్టు. గోడౌన్ వాచ్‌మన్, పఠాను, మమ్మల్ని జాలిగా చూశాడు.

"ఆజ్ జుమ్మా హై భాయ్. నమాజు తర్వాతే బస్సు," అన్నాడు.

నేను గడియారం పట్టింది గురువారం. ఆట శుక్రవారం.

పన్నెండూ నలభైకి బస్సు వచ్చింది. దారి పొడుగునా ఓబులేసు నా చేతి గడియారం వైపే చూశాడు. తిడితే బాగుండుననిపించింది. రెండుంబావుకి అతని గేటు ముందు నిలబడ్డాం.

"తప్పు నాదని మీ మామాకి నేను చెబుతాను," అన్నాను.

"వద్దు సార్. మీరొస్తే ఇంకా పెద్దదైతాది."

లోపలికి వెళ్ళి పదినిమిషాల్లో వచ్చాడు. ఆట సామాన్ల సంచి నా చేతికిచ్చాడు.

"ఖలాస్ సార్. ఇంగ శుక్రవారాలు ల్యావు నాకు. తక్కినోళ్ళకూ ఇండ్లల్లో ఇదే పాట. జట్టు నిలబడదు." వెనక్కి తిరగబోతూ అడిగాడు: "అటుపక్క మళ్ళా అయిదే గదా సార్. ఇంగో జట్టును పంపిస్తారా?"

ఎత్తిపొడుపు కాదది. నిజంగానే అడిగాడు.

మూడింటికి ఫహాహీల్ బస్సు. చపాతీలు ముట్టలేదు. వెళ్ళదలచినవాళ్ళకి ఒక మాట: సులైబియాకి శుక్రవారం పొద్దున్న సుఖంగా వెళ్ళొచ్చు, మధ్యాహ్నం నమాజు అయ్యేదాకా తిరిగి రావడం కుదరదు. మీటింగు తేదీ మార్చి ఓబులేసుని పిలిచి అడిగి ఉంటే, తన పన్నెండున్నర గడువు సంగతి అప్పుడే చెప్పేవాడు.

మా జట్టు పేరు పడమర పేజీలో రాద్దామని పుస్తకం తీశాను. రాస్తే తూర్పు ఐదు, పడమర ఆరు. రాయకపోతే తూర్పు ఆరు, పడమర ఐదు. మిగిలినవి పదకొండు జట్లు, ఎవరిని ఎటు పంపినా ఇక సరిపోదు. ఆ రోజు మీటింగులో ఓబులేసు జట్టు బదులు మా పేరు రాసి ఉంటే సరిపోయేది.