చిప్పల్లో దాచిన విత్తనం

వేసవి వచ్చిందంటే కినుయె ఇంటి వెనక గదికి దళసరి దుప్పట్లు వేలాడేవి. లోపలికి ఎండ పొడ తగలకూడదు. ఆ చీకట్లో, ఉప్పునీళ్ళ తొట్టెల్లో, దారాలకు గుచ్చిన ఆల్చిప్పలు మునిగి ఉండేవి. వాటి లోపలి తెలుపు మీద మసి అంటినట్టు నల్లటి మచ్చలు కనిపించేవి. ఆ మసే విత్తనం. అన్నానికి చుట్టుకుని తినే నోరి నాచు వసంతంలో వదిలిన విత్తనం చిప్పలో దూరి వేసవి గడిపేస్తుంది, చలిగాలి మొదలవగానే బయటికొచ్చి సముద్రంలో కట్టిన వలల్ని పట్టుకుని పెరుగుతుంది. అరియాకె సముద్రం ఒడ్డున మిగతా ఊరంతా ఆ చిప్పల్ని సహకార సంఘంలో కొనుక్కునేది. కినుయె మాత్రం తన చిప్పల్ని తనే సాకేది.

సాకమన్నది మామగారు తొకుజో. కన్నకొడుకు బస్సు డ్రైవరు, పడవెక్కితే కడుపులో ఉన్నదంతా కక్కేసే రకం. అందుకని పెద్దాయన మంచం పట్టినప్పుడు కోడల్నే పిలిచాడు.

"ఇది పాత రకమమ్మా. ఊళ్ళో అందరూ కొత్తదానికి మారిపోయారు, మన దగ్గరే మిగిలింది. దీన్ని పోనివ్వకు తల్లీ" అన్నాడు. కినుయె సరేనని తల ఊపింది. పెళ్ళయి ఏడాదైనా తిరగని పిల్ల, తల ఊపడమంటే ఏమిటో అప్పుడేం తెలుసు? జుట్టు నెరిసేదాకా ఆ మాటకు కట్టుబడిపోయింది.

ఊరు ఊరుకుంటుందా? "గొప్పల కినుయె" అని పేరు పెట్టింది. అందరికంటే పక్కింటి గెంపెయికి నోటి దురద ఎక్కువ.

"ఏం వదినా, మీ నాచు మహారాణిగారు కులాసానా? ఈ ఏడైనా మాకు దర్శనమిస్తారా?" అని పడవలోంచే కేకేసేవాడు.

"కొనుక్కొచ్చిన చిప్పలు తొట్టెలో వేసుకునేవాడివి, నీకెందుకు రాణుల ఊసు? పోయి నీ చిరిగిన వలలు కుట్టుకో!" అని ఆవిడా దీటుగా ఇచ్చేది.

నిజానికి ఆవిడ వల మీద పెరిగే నాచుకీ, అతని వల మీద పెరిగేదానికీ తేడా ఎవరికీ కనబడేది కాదు. దీన్ని ఎర్ర నాచుల జాతి అంటారు గానీ, నీళ్ళలో నల్లగా, ఎండబెడితే ఊదాగా, సెగ చూపిస్తే పచ్చగా కనిపించే దాన్ని ఏ కళ్ళతో పోల్చుకుంటాం? కినుయె ధీమాకు ఆధారం మామగారి మాట ఒక్కటే.

సముద్రం వేడెక్కి పంట వరసగా తప్పుతున్న రోజుల్లో, ఒక శీతాకాలం, చిహాయ అనే పరిశోధకురాలు ఊళ్ళోకి వచ్చింది. కష్టకాలాన్ని తట్టుకునే వంగడం తయారు చేయాలంటే పాత రకం కావాలట. ఆకారాన్ని నమ్మి లాభం లేదని ఆ అమ్మాయి ముందే చెప్పేసింది.

"నీళ్ళను బట్టి ఆకు రూపు మార్చేస్తుంది పిన్నిగారూ. చూసి చెప్పబోయి పెద్దపెద్దవాళ్ళే బోల్తా పడ్డారు. లోపలి జన్యువులు చదివితేనే ఎవరు ఎవరి బిడ్డో తేలుతుంది."

"చదువమ్మా, బాగా చదువు! చదివి మా గెంపెయికి వినబడేలా గట్టిగా చెప్పు" అంది కినుయె, వల మీంచి మంచి ఆకులు ఏరి ఇస్తూ.

పోలికకు ఉంటుందని చిహాయ దొరికిన ప్రతి నాచూ తీసుకుంది. కినుయె, గెంపెయి పడవలు కట్టే చోట, ఏరు సముద్రంలో కలిసే దగ్గర, పాత వెదురు గుంజలున్నాయి. వాటికి పట్టిన సన్నటి పీలికల్ని గీకబోతే కినుయె పకపకా నవ్వింది.

"ఆ పాచెందుకే పిల్లా? కాలు జారుతుందని ఏటా నేనే గీకి పారేస్తాను."

చలి తగ్గుముఖం పట్టాక చిహాయ మళ్ళీ వచ్చింది. ఇచ్చిన టీ ముట్టలేదు. కినుయె ఆ కప్పు పక్కకు జరిపింది.

"చెప్పమ్మా" అంది.

"మీ వల మీదిది పాత రకం కాదు పిన్నిగారూ. అందరూ పెంచేదే."

"మరి మా మామయ్య అబద్ధమాడాడా?"

"లేదు. ఆయన ఇచ్చింది పాతదే అయ్యుంటుంది. పక్క వలల విత్తనం నీళ్ళలో కొట్టుకొచ్చి మీ వలల మీదా మొలిచి ఉంటుంది. చిప్పలకు విత్తనం పట్టించేటప్పుడు మీరు ఎలాంటి ఆకులు ఏరేవారు?"

"ఎలాంటివేమిటి? మంచివే! పొడుగ్గా, బలంగా ఉన్నవి చూసి చూసి..." కినుయె అక్కడే ఆగిపోయింది. అలా ఎదిగేది కొత్త రకమన్నమాట. పాతది పొట్టిది, బక్కది. ఏటా మంచివాటిని ఏరుతూ, ఏటా పాతదాన్ని తన చేతులతోనే బయట పారేసింది. ఒళ్ళు దాచుకున్నా బతికేదేమో, శ్రద్ధ చూపించి పోగొట్టుకుంది. కినుయె రెండు చేతులతో ముఖం కప్పుకుని ఏడ్చింది. ఏడవక ఏం చేస్తుంది?

"ఇంకా ఉంది, వినండి" అంది చిహాయ, ఆవిడ మోకాలి మీద చెయ్యి వేసి. "మీరు పాచి అన్నారే, ఆ గుంజల మీదిది. అదే పాత రకం. ఏటి నీళ్ళు కలిసే చోట కొత్తదానికి గిట్టదు, దీనికి గిట్టుతుంది. మీరు గీకినా మళ్ళీ మళ్ళీ వచ్చింది."

కినుయె ముక్కు తుడుచుకుని, చెప్పులైనా సరిగ్గా తొడుక్కోకుండా ఏటి దగ్గరికి నడిచింది. పోటు తగ్గి ఉంది. గుంజల మొదట్లో పీలికలు బురదకు అంటుకుపోయి ఉన్నాయి. ఒక్కదాన్ని వేలితో పైకెత్తి చూసి, మళ్ళీ మెల్లగా అతికించింది.

మర్నాడు సంఘం షెడ్డులో, అందరూ ఉండగా, జరిగిందంతా తనే చెప్పింది. గెంపెయి ఎగతాళి చేస్తాడనే అనుకుంది.

"అయితే వదినా, ఆ గుంజలకు నా పడవ కట్టనులే" అన్నాడు.

ఆ వసంతంలో కినుయె గుంజల దగ్గర వంగి విత్తనానికి ఆకులు కోసింది. అలవాటుగా చెయ్యి పొడుగాటి ఆకు మీదికే పోయింది. ఆ చేతి మీద రెండో చేత్తో ఒక్కటేసి, పొట్టివీ, చిరిగినవీ, వంకరవీ అన్నీ బుట్టలో వేసుకుంది. చిప్పల మీద మసి కనబడ్డాక చిహాయ వాటినీ పరీక్షించి, పాతదేనని చెప్పింది. వలల్ని కూడా ఈసారి ఏటి మొగలోనే కట్టారు.

పంట కొంచెమే వచ్చింది. ఎండబెట్టి చేసిన మొదటి నాచు రేకును మామగారి ఫోటో ముందు పెట్టి దండం పెట్టుకుని, దాన్నే సెగకు చూపించి, వేడన్నం ముద్దకు చుట్టి గోడ మీంచి గెంపెయికి అందించింది.

"ఇదిగో మహారాణి దర్శనం. తిని ఏడు."

గెంపెయి కొరికాడు. నమలడం ఆపేశాడు.

"ఇది మా అమ్మ కాల్చి పెట్టే నాచు వదినా. ఈ వాసన మరిచిపోయాననుకున్నాను."

మిగతాది చాలాసేపు తిన్నాడు. తిని, వేళ్ళు నాక్కుని, నేల చూపులు చూస్తూ అడిగాడు.

"వచ్చే వేసవికి ఆ చిప్పల్లో నాలుగు నాకూ ఇస్తావా?"

"ఇస్తాను" అంది కినుయె. "కానీ మంచి ఆకులు ఏరావంటే చెయ్యి విరగ్గొడతాను."