అరుంధతి కనబడని దాబా

ఇయ్యాల పొద్దుగూకినంక తాతకు దాబా మీద అరుంధతిని చూపియ్యవోయిన. ఆ చుక్క కనబడనోళ్లు ఆర్నెల్లకు మించి బతకరని ఆయన నమ్మకం. సప్తర్షుల తోకలో నడిమి చుక్క వశిష్ఠుడు, దాని పక్కనే సన్నగ అరుంధతి ఉంటదని వేలు పెట్టి చెప్పిన.

"కనవడ్తలేదు బిడ్డా" అన్నడు.

గుమ్మడిదల కంపెనీల పొగ సన్నగ కమ్మి ఉంది. ధైర్యం చెబ్దామని, "నాకూ కనవడ్తలేదు తాతా, పొగ ఉంది గద" అన్న.

ఆయన మొఖం పాలిపోయింది. "నీకు గూడనా? నాదంటే అయిపోయింది తియ్యి. నీకింకా ఇరవై రెండేండ్లేనాయె!" అని నా చెయ్యి గట్టిగ పట్టుకున్నడు. కిందికి దిగేదాక ఇడవలేదు.

ఫిజిక్స్ చదివినదాన్ని, గివి నమ్మ. అయినా ఇది రాసేలోపు రెండుసార్లు పైకెక్కి చూసొచ్చిన. మీ దిక్కు ఎవరికన్నా కనబడిందా?