నాలుగు కిలోలు

రుక్కికి నెమ్మదిగా చేసే పని పనిలాగే అనిపించదు. జనగామ నుంచి నర్మెట్ట వెళ్లే దారిలోని తండా మనిషి. ఒళ్లు హూనమైతేనే కష్టపడ్డట్టని ఆమె నమ్మకం. హాస్టల్లో వంటకు కుదిరాక కాస్త ఒళ్లు చేసింది, అంతే.

రెండువేల పదకొండు ఎండాకాలంలో తమ్ముడు శివాజీకి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. "నాదొకటి ఇస్త" అంది రుక్కి, వెనకాముందూ చూడకుండా. డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి, ఒంట్లో కొవ్వు ఎక్కువుంది, డెబ్బై రెండు నుంచి అరవై ఎనిమిది కిలోలకు దిగితేనే ఆపరేషన్ అంది.

"తిండి తగ్గించి రోజూ గంట నడువమ్మా. మాట్లాడగలగాలి, పాట పాడలేనంత జోరుండాలి. అంతకు మించొద్దు."

"నడక గూడ ఒక పనేనా!" అని బయటికొచ్చి నవ్వింది రుక్కి.

మర్నాటి నుంచి గొంగడి కప్పుకుని పరుగు. చెమట కారితే కొవ్వు కారినట్టేనట! పరుగెత్తి నేరుగా యాకయ్య బియ్యం కొట్లో వడ్ల కాంటా ఎక్కితే రెండు కిలోలు తగ్గింది. ఆ సంబరం చూడాలి! బిందెడు నీళ్లు తాగి, ఆకలికి ఆగలేక తింటే మళ్లీ అంతే. పరుగు ఇంకా పెంచింది. పన్నెండో రోజు మోకాలు కలుక్కుమంది. మంచం దిగేసరికి శ్రావణం వచ్చింది, బరువు డెబ్బై మూడు.

"తమ్మీ, నీకు నేనే దుష్మన్‌నైన" అని ఏడ్చింది.

"ఊకో అక్కా, నేనేడికీ పోత లేను" అన్నాడు శివాజీ, ఉబ్బిన ముఖంతో.

సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. హాస్టల్ మూతపడింది, బస్సులు ఆగాయి. రైల్లో డయాలిసిస్‌కు వెళ్లిరావడానికి శివాజీ జనగామ స్టేషన్ దగ్గర గది తీసుకున్నాడు. అతనికి ఉప్పులేని రొట్టెలు మోసుకెళ్లాలి. ఆ మోకాలితో పరుగెక్కడిది? రోజూ నడిచింది. పోను ఆరు కిలోమీటర్లు, రాను ఆరు. దారిలో సమ్మె ఊరేగింపు కలిస్తే వాళ్లతో మాట్లాడుతూ నడిచేది. తమ్ముడి దిగులుతో తిండి సగమైంది. కాంటా ఎక్కాలంటే మాత్రం భయం.

దసరా దాటాక శివాజీకి జ్వరమొచ్చింది. నాలుగు రోజుల్లో పోయాడు.

దినాలకు బియ్యం తెద్దామని వెళ్తే యాకయ్య ఆమెను ఎగాదిగా చూశాడు.

"మస్తు చిక్కినవక్కా."

రుక్కి కాంటా ఎక్కింది. అరవై ఎనిమిది.

"నడువుమన్నది యాకయ్యా, డాక్టరమ్మ" అంది. "గంతే అన్నది. నడువుమన్నది."