పళ్లెం దాటించిన ఊరికి మళ్లీ క్రిస్మస్‌కి

అరవైల మొదట్లో ఒక క్రిస్మస్ నాడు నాన్నా నేనూ నెల్లూరు నుంచి దొరవారిసత్రం వెళ్లాం. పండుగపూట నెల్లూరులో మా చర్చి వదిలి ఎందుకు వెళ్లామంటే, అంతకు ముందు ఏడాది నాన్న ఒక తప్పు చేశారు. పట్నం సంఘపెద్ద కదా అని దొరవారిసత్రం దగ్గరున్న మా సొంత ఊరి చర్చిలో, యేసు చివరి భోజనం గుర్తుగా రొట్టె పంచే ప్రభు సంస్కారపు పళ్లెం ఆయన చేతికిచ్చారు. నాన్న వరసలో అందరికీ రొట్టె అందిస్తూ వచ్చి, సొంత తమ్ముడి ముందు ఆగకుండా పళ్లెం దాటించేశారు. బాబాయి తూలుతూ వచ్చాడు, కల్లు తాగాడని నాన్న అనుకున్నారు; తాగినవాళ్లకు ఆ రొట్టె ఇవ్వరు. అది చలిజ్వరమని ఆలస్యంగా తెలిసింది. ఆనాటి నుంచి బాబాయి గుడి గడప తొక్కలేదు.

పొద్దున ఆరింటికి పాసింజరు ఎక్కాం. మూడో తరగతి, ఇద్దరికీ నాలుగు రూపాయల లోపే. గూడూరులో ఇడ్లీలు వేడిగా దొరికాయి, నాన్న ముట్టలేదు. నాయుడుపేట దాటాక కిటికీ పక్కనే కూర్చోవాలి, చెరువుల మీద గూడబాతులు కనిపిస్తాయి. తొమ్మిదిన్నరకు దిగి, ఎనిమిదణాలకు ఎద్దుల బండి మాట్లాడుకున్నాం. ఊరికి గంట దారి. బండి తోలే మస్తానన్నకు మా ఇంటి గొడవంతా తెలుసు.

"మీరు పెద్దోళ్లు. చిన్నాయనే మీ కాడికి రావాల గదయ్యా?" అన్నాడు.

"క్రిస్మస్సంటే ఏందనుకున్నావు మస్తానూ? పైనుండే పెద్దాయనే ముందు దిగొచ్చిన పండగ. నేనెంతటోణ్ణి?" అన్నారు నాన్న.

బాబాయి అరుగు మీదే ఉన్నాడు. నాన్న క్షమించమని అడిగితే తల తిప్పుకున్నాడు.

"ఇంటికొచ్చి చెప్పినావు, చాల్లే అన్నా. గుడికి మాత్రం నేను రాను."

"నలుగురిలో చేసినాన్రా, నలుగురిలోనే చెప్పాల. నువ్వు రాకుంటే ఎవురికి చెప్పేది?"

పిన్ని లోపలికి వెళ్లింది. ఉతికిన చొక్కా తెచ్చి బాబాయి భుజం మీద వేసింది.

గుడిలో సంస్కారానికి ముందు నాన్న లేచి నిలబడ్డారు. "పోయిన పండక్కి నా తమ్ముణ్ణి అనుమానించి పళ్లెం దాటించినా. వాడికి జరం. తప్పు నాది. ఈ పూట నేను రొట్టె తీసుకోను, వాడికియ్యండి."  బాబాయి రొట్టె ముక్క అందుకుని రెండుగా విరిచి, సగం నాన్న చేతిలో పెట్టాడు. "అన్న తినకుండా నేనెట్ట తినేది?" అన్నాడు. నాన్న ఏడ్చేశారు. పదహారేళ్ల నేను మాత్రం, ఈయన మా నాన్న అని అందరికీ తెలిసేలా తలెత్తుకుని కూర్చున్నాను.

బైబిల్లో శాంతిని సమాధానం అంటారు. అదంటే పోట్లాట లేకపోవడమే అనుకునేదాన్ని. ఆ ఏడాదంతా అన్నదమ్ములు ఒక్కసారీ పోట్లాడుకోలేదు, ఎందుకంటే అసలు మాటలే లేవు. క్రీస్తు తెచ్చిన సమాధానానికి ఎవరో ఒకరు ముందు తల వంచాలి. మా నాన్న చాలా సభల్లో మాట్లాడారు, దండలు వేయించుకున్నారు. నేను గర్వంగా చెప్పుకునేది మాత్రం ఆ రోజు గుడిలో అన్న నాలుగు మాటల గురించే.

మీలో ఎవరైనా ఇలా రాజీ కోసం బయలుదేరుతుంటే ఒక్క మాట: తిరుగు టికెట్ ముందే కొనకండి. మా పిన్ని మమ్మల్ని మూడు రోజులు కదలనివ్వలేదు.