జనరల్ గారి సంతకం కోసం మూడు శుక్రవారాలు

ఎప్పుడో చనిపోయిన ఒక జనరల్ గారి కోసం మా సంఘం చేత మూడు శుక్రవారాలు ఉపవాసం చేయించిన ఘనుణ్ణి నేను. ఇది చదివి నన్ను తిట్టుకోండి, పర్లేదు. మా ఆవిడ ఆరేళ్లుగా తిడుతూనే ఉంది.

మండపేట దగ్గర మా ఊరి చర్చికి అప్పట్లో నేను సెక్రటరీని. ఆదివారం పిల్లలకి వాక్యం చెప్పేవాణ్ణి. మిగతా ఆరు రోజులూ నా భక్తంతా సేనాధిపతుల మీదే. వాళ్ల సంతకాలు, కోటు గుండీలు, బెల్టు బిళ్లలు బీరువాలో దాచేవాణ్ణి. బైబిల్లో సైన్యాధిపతి బట్టలకి ఆశపడి కుష్ఠు తెచ్చుకున్న ప్రవక్త పనివాడి కథ పిల్లలకి చెప్పి, ఇంటికొచ్చి ఆ గుండీలే తుడుచుకునేవాణ్ణి.

మా సమాధుల తోట నిండిపోయింది. కొత్త స్థలం చూపించారు గానీ కాగితం మీద తహసీల్దారు గారి సంతకం పడాలి. ఆఫీసుకి తిరిగే పని నాది. నేనేమో కలకత్తాలో పాత వస్తువులమ్మే ఆయనకి ఫోన్లు చేసుకుంటున్నాను. బర్మా యుద్ధంలో సైన్యాన్ని నడిపిన ఓ జనరల్ సంతకం చేసిన ఫొటో ఆయన దగ్గరుంది. నాకంటే ముందు ఇద్దరు అడిగారట.

ఆత్రం ఆగక ప్రార్థన మనవుల పెట్టెలో చీటీ వేశాను: "ఒక ముఖ్యమైన సంతకం కోసం ప్రార్థించగలరు." జనరల్ అని రాయడానికి సిగ్గేసింది. ఆ సిగ్గు దగ్గరే ఆగి ఉంటే మీకీ కథ ఉండేది కాదు.

పాస్టర్ గారు చీటీ చదివారు. స్త్రీల సమాజం ఉపవాసాలు మొదలెట్టింది. డెబ్బై దాటిన మార్తమ్మ గారు, అసలే షుగర్ మనిషి, చర్చి మెట్ల మీద నన్ను ఆపారు.

"సమాధుల తోట సంతకమేగా బాబూ?"

నిజం చెప్పాల్సిన చోటు అదే. "దేవుడికి తెలుసు కదమ్మా," అన్నాను. ఆయనకి తెలుసనే నా భయం.

"మా ఆయన పక్కన చోటెలాగూ లేదు. కనీసం మనవాళ్ల మధ్యన పడుకుంటే చాలు," అన్నారావిడ.

ఇంట్లో మా ఆవిడకి అసలు సంగతి తెలుసు. "మార్తమ్మ గారు టీ కూడా మానేశారంట. చెప్పెయ్యండి."

"వచ్చే వారం చెప్తాలే."

"వచ్చే వారానికి ఆవిడ ఉండాలి కదండీ."

మూడో శుక్రవారం మర్నాడు కొరియర్ వచ్చింది. అరుగు మీదే కవరు చింపి, "సంతకం వచ్చేసింది, స్తోత్రం" అన్నాను ఊరంతా వినపడేలా. తలెత్తితే గేటు దగ్గర మార్తమ్మ గారు. ఏ సంతకమని అడగకుండానే, ఊరందరికీ చెప్పడానికి వెనుదిరిగారు. ధాన్యం లారీలు కూడా మా రోడ్డు మీద అంత జోరుగా వెళ్లవు. ఆపుదామని నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాను.

ఆదివారం పాస్టర్ గారు, దేవుడు చేసిన మేలు అందరికీ చెప్పమని సాక్ష్యానికి పిలిచారు. ముందు వరసలో మార్తమ్మ గారు, ఒళ్లో అందరికీ పంచడానికి తెప్పించిన ఆత్రేయపురం పూతరేకుల డబ్బా. ఫొటోని మా ఆవిడే నా సంచిలో పెట్టి పంపింది, "మీరు చూపించకపోతే నేనే లేచి చెప్తాను" అని.

తీసి చూపించాను. మీసాలు, టోపీ, వంకర సంతకం.

"ఎవరు బాబూ ఈయన? కొత్త తహసీల్దారు గారా?" అన్నారు మార్తమ్మ గారు.

"కాదమ్మా. జనరల్ గారు. తెల్లదొర. చనిపోయి చాలా ఏళ్లయింది."

"పూడ్చిపెట్టారా?"

"పెట్టారమ్మా."

"అదృష్టవంతుడు. మరి నన్నెక్కడ పెడతావు?"

ఎవరూ నవ్వలేదు. ఆవిడ డబ్బా మూత నొక్కి పెట్టేశారు.

సోమవారం ఆఫీసు తెరవకముందే వెళ్లి మెట్ల మీద కూర్చున్నాను. గుమస్తా గారు ఫైలు తీసి దుమ్ము దులిపారు. "ఇదెప్పుడో అయిపోయిందండి. పట్టుకెళ్లడానికే ఎవరూ రాలేదు." సంతకం కింద తేదీ చూశాను. మొదటి శుక్రవారం.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. మా ఊళ్లో దేవుడూ ఇచ్చాడు, తహసీల్దారు గారూ ఇచ్చారు. అడ్డం కూర్చున్నది సెక్రటరీ. మిగతా రెండు శుక్రవారాలూ ఆ ముసలి ప్రాణం నా బద్ధకానికి పస్తులుంది.

అందుచేత మరుసటి ఆదివారం సంఘం ఎదుట లేచి ప్రమాణం చేశాను: బతికున్న అధికారుల సంతకాలు తప్ప, పోయినవాళ్ల సంతకాలు ఈ జన్మలో కోరను. పాస్టర్ గారు "ఆమెన్" అన్నారు. అందరికంటే గట్టిగా అన్నది మాత్రం మా ఆవిడ.